ఈ పద్యం పోతనదేనా?

పద్యం సగంలో ఆగిపోయింది. మడుగులో ఏనుగు మొర పెట్టుకుంటోంది. మొసలి కాలు వదలడం లేదు. ఇక వైకుంఠంలో విష్ణుమూర్తి ఎక్కడున్నాడో, ఏ మేడలో, ఏ తోటలో ఉన్నాడో చెప్పాలి. ఎంతసేపు కూర్చున్నా మాట కుదరలేదు. గంటం పక్కన పెట్టి స్నానానికని వెళ్ళాడు పోతన. తిరిగొచ్చి చూస్తే తాటాకు మీద పద్యం పూర్తయి ఉంది! ఎవరు రాశారని ఇంట్లో అడిగితే, ఇందాక వచ్చి రాసి వెళ్ళింది మీరే కదా అని కూతురు తెల్లబోయింది.

కొందరు కూతురంటారు, కొందరు ఇల్లాలంటారు. ఎవరైతేనేం, చూసినవాళ్ళు చెప్పింది ఒకటే. వచ్చిన మనిషి రూపం పోతనది, చేతివ్రాత పోతనది. రాసింది మాత్రం పోతన కాదు, సాక్షాత్తూ రాముడు. తెలుగింట ఈ కథ వినని ఆడపిల్ల ఉండదు. వాహినీ వారి భక్త పోతనలో నాగయ్యను చూసి కళ్ళు తుడుచుకున్న తరం మన అవ్వలది, అమ్మమ్మలది.

కథ సంగతి అలా ఉంచండి. ఇది రాసిందెవరు అన్న ప్రశ్న పోతనను ఐదు వందల ఏళ్ళుగా వదల్లేదు. భాగవతంలో ఏ భాగం ఆయనది? ఆయన పేరు మీద ఉన్న మిగతా పుస్తకాలు ఆయనవేనా? ఆయన ఊరేది? ఇన్నాళ్ళూ పండితులు వాదించుకున్న ఈ విషయాల్లో కొన్నింటికి ఇప్పుడు కంప్యూటర్ కూడా సాక్ష్యం చెప్పగలదు. పేరు లేని రాత ఎవరిదో సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూసే పద్ధతి ఒకటి ప్రపంచమంతా నడుస్తోంది. అదేమిటో చూసేముందు, అసలు పోతన జీవితం మనకు ఎంత తెలుసో చూద్దాం.

కేసన కొడుకు

తెలిసింది తక్కువే. పదిహేనో శతాబ్దం మనిషి. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఇంటిపేరు బమ్మెర. ఇంట్లో శివభక్తి. ఈ మాత్రం కూడా మనకు ఆయన పుస్తకాల నుంచే తెలిసింది. ఆ రోజుల్లో కవులు కావ్యం మొదట్లో తమ వంశం చెప్పుకునేవారు. భాగవతంలో ఒక్కో స్కంధం చివర కూడా ఓ చిన్న వచనం ఉంటుంది. పరమేశ్వరుడి దయవల్ల కవిత్వం అబ్బినవాడిని, కేసన మంత్రి కొడుకుని, పాండిత్యం సహజంగా వచ్చినవాడిని అని అందులో పోతన తన పేరు చెప్పుకుంటాడు. మనం ఉత్తరం చివర సంతకం పెట్టినట్టు.

గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని చదివినవాడు కాదనీ, పొలం దున్నుకుని బతికిన రైతనీ జనం చెప్పుకుంటారు. నాగలి, ఎడ్లు లేకుండా పోతన బొమ్మ ఎవరూ గీయరు.

భాగవతం ఎలా మొదలైందో మాత్రం ఆయనే చెప్పాడు. చంద్రగ్రహణం రోజున గంగాస్నానం చేసి, ఇసుకతిన్నె మీద శివధ్యానంలో కూర్చున్నాడట. కళ్ళు కొద్దిగా తెరిచేసరికి ఎదురుగా రాముడు, పక్కన సీతమ్మ. భాగవతాన్ని తెలుగు చెయ్యమని ఆజ్ఞ. శివుణ్ణి ధ్యానిస్తే రాముడు కనిపించి, కృష్ణుడి కథ రాయమనడం! శైవ వైష్ణవ తగాదాలు ఆ కాలంలో తక్కువేం కాదు. పోతన మనసులో ఆ గోడ లేదు. తర్వాత ఏకశిలానగరానికి వచ్చి, పెద్దల దగ్గర, చుట్టాల దగ్గర అనుమతి తీసుకుని పని మొదలుపెట్టానన్నాడు.

ఆ ఒక్క మాట, ఏకశిలానగరం, ఎంత పని చేసిందో చూడండి. ఏకశిల అంటే ఓరుగల్లే, బమ్మెర గ్రామం ఆ పక్కనే పాలకుర్తి దగ్గర ఉంది, ఇంటిపేరే ఊరి పేరు కదా అని తెలంగాణ పండితులంటారు. బమ్మెరలో ఆయన పొలం, సమాధి కూడా చూపిస్తారు. కాదు, ఏకశిల అంటే మా ఒంటిమిట్టే అంటారు కడప వాళ్ళు. కడప నుంచి రాజంపేట దారిలో పాతిక కిలోమీటర్లు పోతే వస్తుంది ఒంటిమిట్ట. అక్కడి కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. భాగవతాన్ని పోతన అంకితమిచ్చింది ఈ రాముడికేనని అక్కడివాళ్ళ గట్టి నమ్మకం. ఆలయంలో పోతన విగ్రహం కూడా ఉంది. ఒంటిమిట్ట పేరుకు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగల కథ కూడా చెబుతారనుకోండి. ఆ కథ నమ్మితే ఏకశిల వాదం కాస్త వదులవుతుంది!

ఈ వాదంలో ఒంటిమిట్ట తరఫున గట్టిగా నిలబడ్డవారు వావిలికొలను సుబ్బారావు గారు (1863–1936). మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన మనిషి. ఆంధ్రవాల్మీకి అని పేరు. ఆ పెద్దమనిషి ఒంటిమిట్ట గుడి పాడుబడిపోతుంటే చూడలేక, చేత టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తి బాగు చేయించారు. పోతన నివాసం మీద ప్రత్యేకంగా ఓ పుస్తకమే రాశారు. 2014లో రాష్ట్రం విడిపోయాక బమ్మెర ఒక రాష్ట్రంలో, ఒంటిమిట్ట ఇంకో రాష్ట్రంలో ఉండిపోయాయి. భద్రాచలం తెలంగాణలో ఉండడంతో 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఉత్సవాలు ఒంటిమిట్టలోనే. పోతన మాత్రం రెండు చోట్లా ఉన్నాడు.

ఊరి తగాదాను కంప్యూటర్ తీర్చలేదు. ఆ రోజుల్లో కావ్యభాష ఓరుగల్లులోనైనా కడపలోనైనా దాదాపు ఒకటే. రాసే మనిషి ఊరి యాస అందులో దొరకదు. రాసినవాడి అలవాటు మాత్రం దొరుకుతుంది. మన కథంతా ఇక దాని గురించే.

అజామిళుడి కథ ఎవరిది?

పోతన జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం రాజును కాదనడం. ఊళ్ళకీ, వాహనాలకీ, డబ్బుకీ ఆశపడి రాజులకు కావ్యం ఇవ్వను, హరికే ఇస్తాను అని భాగవతం మొదట్లోనే చెప్పేశాడు. దీని చుట్టూ ఎన్ని కథలో! బావమరిది శ్రీనాథుడు పల్లకీలో వచ్చి, ఈ మట్టి పిసుక్కునే బతుకెందుకు, రాజుకు అంకితమిస్తే సిరులు వస్తాయి కదా అని నచ్చజెప్పబోయాడట. పోతన మనసు ఒక్క క్షణం ఊగిందో లేదో, సరస్వతి కళ్ళ ముందు నిలబడి కన్నీరు పెట్టుకుందట. అమ్మా, ఏడవకు, నిన్ను అమ్ముకోను అని ఆమెను ఊరడిస్తూ ఓ పద్యం చెప్పాడంటారు. కాటుక కరిగేలా ఏడ్చే సరస్వతి బొమ్మ మన కళ్ళకు కట్టింది ఆ పద్యమే. కానీ అది భాగవతంలో లేదు. నోటి నుంచి నోటికి వచ్చిన చాటుపద్యం. పోతనే చెప్పాడా, పోతన మీద ప్రేమతో ఇంకెవరైనా చెప్పారా?

కాదన్నందుకు రాజు ఊరుకోలేదంటారు. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు కోపంతో భాగవతం తాళపత్రాలను భూమిలో పాతిపెట్టించాడనీ, రాముడు రాణి కలలో కనిపించి చెబితే తవ్వి తీశారనీ, అప్పటికే కొన్ని ఆకులు చెదలు తినేశాయనీ కథ. చెదల సంగతి నిజమో కాదో గానీ, ఒకటి మాత్రం నిజం. మనం పోతన భాగవతం అని పిలిచే పుస్తకం మొత్తం పోతన రాసింది కాదు. అయిదో స్కంధం గంగనది. ఆరోది ఏర్చూరి సింగనది. పదకొండు, పన్నెండు వెలిగందుల నారయవి. ఇది ఎవరూ దాచలేదు. ఆ స్కంధాల చివరి వచనాల్లో వాళ్ళ పేర్లే ఉన్నాయి. తాను పోతనకు ప్రియశిష్యుణ్ణని నారయ చెప్పుకున్నాడు కూడా.

అంటే గజేంద్రమోక్షం, ప్రహ్లాదుడు, వామనుడు, కుచేలుడు పోతనవే. పెళ్ళి కుదరని ఆడపిల్లల చేత చదివించే రుక్మిణీ కల్యాణమూ ఆయనదే. కొడుకును పిలవబోయి నారాయణ నామం పలికి తరించిన అజామిళుడి కథ మాత్రం ఆరో స్కంధంలోది. అంటే సింగనది. భక్తితో నారాయణ కవచం చదువుకునే అమ్మలకు చెబితే నమ్మకపోవచ్చు, అది కూడా ఆరో స్కంధంలోదే. పాపం గంగన, సింగన, నారయ! వాళ్ళ పేర్లు పుస్తకంలో స్పష్టంగా ఉన్నా జనం నాలుక మీద నిలబడలేదు. గొప్పవాడి పక్కన కూర్చుంటే వచ్చే కష్టమే ఇది. ఇంటి వంటంతా ఓ చెయ్యి చేస్తే మెచ్చుకోలు ఇంకో చేతికి పోవడం మనకు తెలియంది కాదు.

రెండు ‘ర’ల తగాదా

సంతకం ఉన్నచోట సరే. సంతకం మీదే అనుమానం వస్తే?

ఈ పని మన పాతకాలపు లాక్షణికులు ఎప్పుడో మొదలుపెట్టారు. పదిహేడో శతాబ్దంలో అప్పకవి, పోతన భాగవతం అన్ని విధాలా బాగానే ఉన్నా లక్షణ గ్రంథాల్లో దాన్ని ఉదాహరణగా ఎందుకు తీసుకోలేదో ఓ కారణం చెప్పాడు. రెండు రకాల ‘ర’లను ప్రాసలో కలిపేశాడట. ఒకటి మనం ఇప్పుడు రాసే మామూలు ‘ర’. ఇంకోటి బండి ‘ఱ’. ప్రాస నియమం ఉన్న తెలుగు పద్యంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాలి. ఓ పాదంలో మామూలు ‘ర’ ఉన్న మాట, ఇంకో పాదంలో బండి ‘ఱ’ ఉన్న మాట వేస్తే పాతకాలపు పండితులకు తప్పు. చెవికి తేడా తెలియని కాలానికి ఆ తేడా పట్టుకోవడం కష్టం. పోతన చెవి ఆ తేడాను లెక్కచెయ్యలేదన్నమాట.

పోతన మీద ప్రేమ ఉన్న తర్వాతివాళ్ళు కొందరు ఊరుకోలేదు. ఆ తప్పులు పోతనవి కావు, శిథిలమైన చోట పూరించిన వాళ్ళవి అన్నారు. ఎవరి మాట నమ్మాలి? ఇదిగో, సరిగ్గా ఇలాంటి చోటే లెక్క పనికొస్తుంది. స్కంధం స్కంధంగా విడదీసి, ఒక్కో ప్రాస చూసి, రెండు ‘ర’లు కలిసినవి ఎన్నో లెక్కపెట్టాలి. గంగన, సింగన, నారయల స్కంధాల్లోనే అవి గుంపుగా ఉంటే పోతన తప్పించుకున్నట్టు. ఏడు, ఎనిమిది, పది స్కంధాల్లోనూ అలాగే ఉంటే ఆ అలవాటు ఆయనదే. పద్యాలూ వచనాలూ కలిపి తొమ్మిది వేల దాకా ఉన్న పుస్తకం ఇది. చేత్తో లెక్కపెట్టాలంటే పండితుడికి ఏళ్ళు పడుతుంది. కంప్యూటర్‌కు ఒక పూట పని. అక్షరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నాయి. పద్యం ఇస్తే అది ఉత్పలమాలో కందమో చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా తెలుగులో వచ్చింది.

ఇందులో ఇంకో సుఖం ఉంది. తాటాకులను తిరగరాసిన లేఖకులు ‘ఱ’ బదులు ‘ర’ రాసి ఉండొచ్చు. అయినా ఫరవాలేదు. మాటేమిటో తెలిస్తే అందులో మొదట ఉన్నది ఏ ‘ర’నో తెలుస్తుంది. ప్రాసలో కూర్చున్న మాటను లేఖకుడు మార్చలేడు, మారిస్తే పద్యం కూలిపోతుంది. అంటే ఆ చోట కవి చెయ్యి చెక్కుచెదరకుండా మిగిలిందన్నమాట.

ముగ్గు చూసి చెప్పినట్టు

సంక్రాంతి పొద్దున వీధిలో పది వాకిళ్ళలో ఒకటే చుక్కల ముగ్గు ఉన్నా, ఇది ఫలానా వాళ్ళ కోడలు వేసిందని మనం చెప్పేస్తాం. ఎలా? చుక్కలు చూసి కాదు, అవి అందరివీ ఒకటే. మెలిక తిప్పే చోట గీత కాస్త లావవడం, చివర విదిలించే తీరు... వేసినామెకు కూడా తెలియని అలవాట్లవి. రాతలోనూ అంతే. కథ, వర్ణన, పెద్దపెద్ద మాటలు ఎవరైనా అనుకరించగలరు. చిన్న చిన్న మాటల మీద ఎవరి దృష్టీ ఉండదు. అందుకే దొంగ అక్కడ దొరుకుతాడు.

మదురైలో పుట్టిన ఆగస్టస్ డి మోర్గాన్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు 1851లోనే ఈ మాట అన్నాడు. బైబిల్లోని కొన్ని లేఖలు ఎవరివో తేలడం లేదు, ఒక్కో మాటలో సగటున ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి చూడమని ఓ మిత్రుడికి ఉత్తరం రాశాడు. తర్వాత 1964లో అమెరికాలో మోస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు పెద్ద పని చేశారు. ఆ దేశ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 1788లలో మారుపేరుతో వచ్చిన 85 వ్యాసాలున్నాయి. రాసింది ముగ్గురు. అందులో 12 వ్యాసాలు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అని తగాదా. వీళ్ళు గొప్ప గొప్ప భావాలన్నీ వదిలేసి ‘వైల్’, ‘వైల్‌స్ట్’ లాంటి మాటలు లెక్కపెట్టారు. రెండిటికీ అర్థం ఒకటే. హామిల్టన్ చెయ్యి ఒకదానికి పోతే మాడిసన్ చెయ్యి ఇంకోదానికి పోతుంది. ఆ పన్నెండూ మాడిసన్‌వేనని తేల్చారు.

2013లో హారీపోటర్ రచయిత్రి రౌలింగ్ దొరికిపోయిందీ ఇలాగే. రాబర్ట్ గాల్‌బ్రైత్ అనే మగ పేరుతో ఆమె ఓ డిటెక్టివ్ నవల రాసింది. ఓ పత్రికకు ఉప్పందింది. వాళ్ళు పాట్రిక్ జ్యూలా అనే ప్రొఫెసర్‌కు ఆ నవలతో పాటు రౌలింగ్ రాసింది ఒకటి, మరో ముగ్గురు రచయిత్రులవి ఇచ్చి పోల్చమన్నారు. ఆయన సాఫ్ట్‌వేర్ మాటల పొడవు, ఎక్కువగా వాడే చిన్న మాటలు, పక్కపక్కన వచ్చే మాటల జతలు లెక్కగట్టి, ఈ నలుగురిలో రౌలింగే దగ్గర అంది. అంతే. ఆమే రాసిందని అనలేదు. పత్రిక వాళ్ళు అడిగాక రౌలింగే ఒప్పుకుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పోతన దగ్గర పనికొస్తుంది.

మరి తెలుగులో చిన్న మాటలంటే ఏవి? పోలిక చెప్పే మాటలు చూడండి. వలె, పోలె, పగిది, కరణి, మాడ్కి, భాతి, చందమున, కైవడి... అన్నిటికీ అర్థం ‘లాగా’ అనే. ఏ కవి చెయ్యి దేనికి పోతుందో లెక్క తీయొచ్చు. అయితే ఇంగ్లీషు వ్యాసానికి లేని చిక్కు ఒకటి మన పద్యానికి ఉంది. ‘వలె’ రెండు లఘువులు. ‘కైవడి’కి మొదట గురువు. ఛందస్సులో ఏది పడితే అది ఒదగదు కాబట్టి, కవి ఇష్టమెంత, గణాల బలవంతమెంత అని విడదీయాలి. అందుకని కందాన్ని కందంతో, సీసాన్ని సీసంతోనే పోల్చాలి. ఇక మన మాటలు సంధుల్లో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీసి చెబితే తప్ప కంప్యూటర్‌కు అర్థం కాదు. లేదంటే మాటలు వదిలేసి, మూడేసి నాలుగేసి అక్షరాల గుంపులను లెక్కపెట్టించాలి.

ఇంకో సంగతి. భాగవతం వ్యాసుడిది. ఏనుగు, మొసలి, మడుగు ఎవరు తెలుగు చేసినా వస్తాయి. వ్యాసుడు చెప్పనివి చెప్పిన చోటే పోతన ఒంటరిగా దొరుకుతాడు. ఏనుగు పిలుపు వినగానే లక్ష్మీదేవికి మాటైనా చెప్పకుండా విష్ణువు పరుగెత్తడం, చేతిలో ఆమె పైటకొంగు అలాగే ఉండిపోవడం, ఏం జరిగిందో అడగబోయి అడగలేక ఆమె వెనకే నడవడం... సంస్కృతంలో ఈ తల్లి తడబాటు లేదు. మొగుడు చెప్పాపెట్టకుండా బయల్దేరితే వెంటబడే ఇల్లాలి కంగారును ఇంత దగ్గరగా చూసినవాడు ఇంటిపట్టున బతికిన మనిషే అయి ఉంటాడు. ఇది లెక్కల్లోకి రాదు గానీ, నా నమ్మకం.

భోగినీ దండకం

ఇప్పుడు అసలు చిక్కు. భోగినీ దండకం అని ఓ చిన్న పుస్తకం ఉంది. సింగభూపాలుణ్ణి వలచిన ఓ వేశ్యాకన్య కథ. చివరి పద్యం దీన్ని బమ్మెర పోతన రాశాడనే చెబుతుంది. ఏ సింగభూపాలుణ్ణి? భాగవతాన్ని పాతిపెట్టించాడని కథల్లో చెప్పుకునే ఆ ప్రభువునే!

ఇది నిజమైతే పోతన జీవితమే మరోలా చదవాలి. పుట్టుకతోనే రాజులను లెక్కచేయని యోగి కాదాయన. కుర్రతనంలో కొలువు చుట్టూ తిరిగి, రాజు శృంగారాన్ని పొగిడి, ఆ రుచీ ఆ వెగటూ చూసి, తర్వాత నాగలి పట్టిన మనిషి. అప్పుడు భాగవతం మొదట్లో రాజుల మీద కనిపించే ఆ ఈసడింపు వినికిడితో వచ్చింది కాదు, అనుభవంతో వచ్చింది. పోతన వంటి భక్తుడు ఇలాంటిది రాస్తాడా, ఎవరో ఆయన పేరు తగిలించారు అనేవాళ్ళు కూడా పండితుల్లో తక్కువేం కాదు. చివరి పద్యంలో పోతనను పండితులు కీర్తించే కవి అని పొగిడారు, తన గురించి తానే అలా చెప్పుకుంటాడా అనిపిస్తుంది కూడా.

దక్షయజ్ఞం కథ చెప్పే వీరభద్ర విజయం మీదా ఇలాంటి అనుమానమే ఉంది. అందులోనూ కేసన కొడుకు పోతన పేరే ఉంది. ఇవటూరి సోమనారాధ్యుడనే శైవ గురువుకు కవి నమస్కరిస్తాడు. చిన్న వయసులో రాసింది కాబట్టి తడబాట్లున్నాయని కొందరు, భాగవతం రాసిన చెయ్యి ఇలా తడబడదని కొందరు.

సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే? వీరభద్ర విజయం దానికి వీలైన పని. నాలుగు ఆశ్వాసాల కావ్యం, భాగవతంలో ఉన్న ఛందస్సులే అందులోనూ ఉన్నాయి. ముందు పరికరాన్నే పరీక్షించాలి. పేర్లు దాచేసి గంగన, సింగన, నారయల స్కంధాలను పోతన స్కంధాల నుంచి విడదీయమనాలి. అక్కడ తప్పు చెబితే ఇక్కడ దాని మాట వినక్కర్లేదు. సరిగా చెబితే వీరభద్ర విజయాన్ని ముందుంచాలి. అప్పుడు కూడా పాతికేళ్ళ పోతన, యాభై ఏళ్ళ పోతన ఒకేలా రాస్తారా అన్న ప్రశ్న మిగులుతుంది. కొత్త కోడలిగా వచ్చిన రోజు వేసిన ముగ్గూ, కోడళ్ళు వచ్చాక వేసే ముగ్గూ ఒకటి కావు కదా.

దండకం దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. అది చిన్నది. లెక్కకు వేల మాటలు కావాలి. పైగా దండకం ఒకటే గణం మీద ఊపిరాడకుండా సాగిపోతుంది. పోల్చడానికి భాగవతంలో అంత దండకం లేదు. రౌలింగ్ విషయంలో నలుగురి పేర్లు చేతిలో ఉన్నాయి. ఇక్కడ పోతన కాకపోతే ఇంకెవరు అంటే చెప్పడానికి ఇంకో పేరే లేదు. కంప్యూటర్ మహా అయితే దగ్గర, దూరం అంటుంది. అవునూ కాదూ అనదు. దండకం పోతనదే అని తేలితే మాత్రం నాకు ఆయన మీద గౌరవం తగ్గదు. పల్లకీ ఎక్కి దిగినవాడు మళ్ళీ ఎక్కనని అనడం, ఎన్నడూ ఎక్కనివాడు అనడం కంటే కష్టం.

పేరు లేని పాటలు

ఒంటిమిట్ట చుట్టుపక్కలే మన కవయిత్రుల ఊళ్ళూ ఉన్నాయి. రాజంపేట పక్కన తాళ్ళపాక. అన్నమాచార్యుల ఇల్లాలు తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది అక్కడి ఇంటి కోడలిగానే. రామాయణం రాసిన మొల్లది బద్వేలు వైపు గోపవరమని కడప వాళ్ళు చెప్పుకుంటారు. మొల్ల తన తండ్రి కేసన అని చెప్పుకుంది. పోతన తండ్రి పేరూ కేసనే, చిత్రంగా లేదూ! వీళ్ళిద్దరూ పేరు చెప్పుకున్నారు కాబట్టి నిలిచారు.

ఊర్మిళాదేవి నిద్ర పాట కట్టిందెవరు? విసుర్రాయి తిప్పుతూ, ఊయల ఊపుతూ పాడిన వందల పాటలు ఎవరివి? సాఫ్ట్‌వేర్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఎవరిదని తేల్చాలంటే ఆ మనిషి రాసిందే ఇంకోటి పేరుతో సహా చేతిలో ఉండాలి కదా. ఆ ఆడవాళ్ళు ఒక్క చోట కూడా పేరు చెప్పుకోలేదు. పైగా పాడిన ప్రతి నోరూ ఓ మాట మార్చింది. పోతన తాటాకులకు చెదలు పడితే పూరించడానికి ముగ్గురు ముందుకొచ్చారు. ఈ పాటలకు ఆ భాగ్యం లేదు. మీ ఇంట్లో అవ్వ నోట ఇలాంటివి ఇంకా ఉంటే, ఆమె పేరుతో సహా ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి.

పోతన చివరి రోజులు ఎలా గడిచాయో కథలు కూడా పెద్దగా చెప్పవు. భాగవతం రాముడికిచ్చాడు, రాజుకివ్వలేదు, అక్కడితో కథ ఆగిపోతుంది. ఒంటిమిట్టలో రాముడి పెళ్ళి భద్రాచలంలోలాగా నవమి పట్టపగలు జరగదు. నవమి తర్వాత పున్నమి వెన్నెల్లో, రాత్రిపూట జరుగుతుంది. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళు గుడిలో పోతన విగ్రహం ముందు కూడా కాసేపు ఆగుతారు. గజేంద్రమోక్షం నోటికి వచ్చిన పెద్దావిడ ఎవరైనా ఉంటే గొంతెత్తుతుంది. రాముడు పూర్తి చేశాడనే ఆ వైకుంఠం పద్యం దగ్గర ఆవిడ కూడా మిగతావాటితో పాటే చదువుకుంటూ పోతుంది. అతుకు ఎక్కడుందో ఎంత విన్నా తెలియదు.